డెబియన్ ప్యాకేజీలో వివరణ, స్క్రీన్‌షాట్లు, లింకులు ఎక్కడ పెట్టాలి?

ఛందోపెట్టె:
పద్యాల ఛందస్సు సరిచూసే డెస్క్‌టాప్ ప్రోగ్రాంకి డెబ్ ప్యాకేజీ (డెబియన్ లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే మూట) కడుతున్నాను. వివరణ, హోమ్‌పేజీ, బగ్ ట్రాకర్ లింకు, స్క్రీన్‌షాట్లు, తెలుగు వివరణ అన్నీ పేరు ముందు ఎక్స్‌బీ- తగిలించి సొంత ఫీల్డులుగా, ప్యాకేజీ వివరాలు రాసే డెబియన్/కంట్రోల్ ఫైల్లోనే పెట్టేస్తే ఒకచోట పడి ఉంటాయి కదా. ఇబ్బందేమైనా ఉందా?

మూటకట్టు:
బిల్డ్ అవుతుందండీ, ఉపయోగమే ఉండదు. ఎక్స్‌బీ- ఫీల్డు ప్యాకేజీ వివరాలు చూపే ఆప్ట్ షో కమాండ్ కొడితే కనబడుతుంది, అంతే. మీరు పెట్టుకున్న పేరుని ఏ సాఫ్ట్‌వేర్ సెంటరూ చదవదు. పైగా కంట్రోల్‌లోది ప్యాకేజెస్ ఇండెక్స్‌కి (అన్ని ప్యాకేజీల జాబితా) ఎక్కుతుంది, మీ ప్రోగ్రాం అక్కర్లేనివాళ్లూ ఆ జాబితా దించుకునే ఆప్ట్ అప్‌డేట్‌లో దాన్ని మోయాలి. పెద్ద వివరణల్ని ట్రాన్స్‌లేషన్-ఈఎన్ అనే వేరే ఫైల్లోకి తీసేశారు కూడా.

కంట్రోల్‌లో డిస్క్రిప్షన్, హోమ్‌పేజ్, సెక్షన్ చాలు. డిస్క్రిప్షన్ మొదటి లైను 80 అక్షరాల లోపు, ప్యాకేజీ పేరు మళ్లీ రాయకుండా. కింది లైన్లు ఒక్క స్పేస్‌తో మొదలవ్వాలి. రెండు పెడితే ఆ లైను మడత పడకుండా ఉన్నదున్నట్టు వస్తుంది. పేరాకీ పేరాకీ మధ్య ఒక స్పేస్, ఒక చుక్క. చుక్క మరిచి ఖాళీ లైను వదిలారో, స్టాంజా (ఒక ప్యాకేజీ వివరాల గుంపు) అక్కడితో అయిపోయిందనుకుని తర్వాతి లైను దగ్గర ఎర్రర్ కొడుతుంది.

రాత్రిబిల్డ్:
స్క్రీన్‌షాట్లకి యాప్‌స్ట్రీమ్ ఉంది, సాఫ్ట్‌వేర్ సెంటర్లు యాప్ వివరాలు చదివే పద్ధతి అది. మెటాఇన్ఫో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు రాసి యూఎస్‌ఆర్/షేర్/మెటాఇన్ఫోలో వెయ్యండి. బొమ్మలు ప్యాకేజీలో వద్దు, వాటి వెబ్ అడ్రసు ఇస్తే చాలు. ఐడీ ఒకసారి పెట్టాక కదపకండి, మారిస్తే వేరే యాప్ కింద లెక్క. అందులోని లాంచబుల్ ట్యాగులో డెస్క్‌టాప్ ఫైలు (ప్రోగ్రాంని మెనూలో చూపేది) పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఈ ఫైలు డెబియన్ ఫోల్డర్లో కన్నా ప్రోగ్రాం సొంత గిట్‌లో ఉంటేనే మేలు: ఫెడోరా లాంటి వేరే లినక్స్‌లవాళ్లకీ, ఫ్లాట్‌ప్యాక్ అనే వేరే రకం ప్యాకేజీకీ అదే పనికొస్తుంది. అప్‌లోడుకి ముందు ఫైల్లో తప్పులు పట్టే యాప్‌స్ట్రీమ్‌సీఎల్‌ఐ వాలిడేట్ కమాండ్ నడపండి.

ఛందోపెట్టె:
ఐకాన్లు, పేరు చివర -డేటా అని ఉన్న వేరే ప్యాకేజీలో ఉన్నాయి. మెటాఇన్ఫో కూడా అందులోకేనా?

రాత్రిబిల్డ్:
వద్దు. ఐకానూ డెస్క్‌టాప్ ఫైలూ మెటాఇన్ఫో మూడూ ఒకే ప్యాకేజీలో, అసలు ప్రోగ్రాం ఉన్నదాంట్లో ఉండాలి. విడగొడితే డెబియన్ ఆర్కైవ్‌లో యాప్‌ల వివరాలు పోగుచేసే జనరేటర్‌కి ఐకాన్ దొరక్క, యాప్ సాఫ్ట్‌వేర్ సెంటర్లో కనబడకుండా పోవచ్చు.

మూటకట్టు:
మిగిలినవి రెండు. బగ్ ట్రాకర్, గిట్ అడ్రసులు డెబియన్/అప్‌స్ట్రీమ్/మెటాడేటా అనే యామల్ ఫైల్లో పెట్టండి. అది సోర్స్ ప్యాకేజీలోనే ఉండిపోతుంది, యూజర్ మెషీన్‌కి రాదు. యూజర్‌కి కూడా కనబడాలంటే మెటాఇన్ఫోలో యూఆర్‌ఎల్ ట్యాగు ఉంది.

తెలుగు వివరణ మెటాఇన్ఫోలో అయితే సులువు, ఎక్స్‌ఎమ్‌ఎల్:లాంగ్‌కి టీఈ ఇస్తే సరి. కంట్రోల్ వివరణకి మాత్రం అనువాదం ప్యాకేజీ బయట, డెబియన్ అనువాద ప్రాజెక్టులో జరుగుతుంది. ఇంగ్లీషు వివరణ ఎమ్‌డీ5తో (ఆ అక్షరాల నుంచి లెక్కగట్టిన గుర్తు) దాన్ని జతచేస్తారు. ఇంగ్లీషులో ఒక్క కామా కదిపినా ఎమ్‌డీ5 మారి, అక్కడ మళ్లీ సరిచేసేదాకా యూజర్‌కి ఇంగ్లీషే కనబడుతుంది. కాబట్టి వెర్షన్ నంబర్లు, కొత్త ఫీచర్ల ముచ్చట్లు డిస్క్రిప్షన్‌లోకి రానివ్వకండి. అవి మెటాఇన్ఫోలో రిలీజెస్ కిందికి వెళ్లాలి.