సమస్య (పద్యం ఈ పాదంతో ముగిసేలా మిగతా పాదాలు పూరించాలి): ‘తూర్పు పడమరలకు దూర మడుగె’

బరంపురం (నిర్వహణ): ఈసారి ఆటవెలది. అంశం కూడా ఇస్తున్నాను: పరదేశంలో ఉంటూ వారాంతంలో స్నేహితులతో చూసిన నగరం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి వెళ్ళిన మన పిల్లలు ఎన్ని ఊళ్ళలో ఉన్నారో! ఆ ఊళ్ళు తెలుగు పద్యంలోకి రావాలని నా కోరిక.

పర్లాకిమిడి (ప్రస్తుతం లండన్):

స్నేహితులను గూడి సెలవునా డెక్కితి
లండనందు గుట్ట లక్షణముగ
రెండు కాళ్ళ నడుమ రేఖ లోహపు దుండ
తూర్పు పడమరలకు దూర మడుగె!

గ్రీన్‌విచ్ వేధశాల ముంగిట్లో సున్నా రేఖాంశాన్ని నేలమీద లోహపు పట్టీతో గుర్తించారు. దానికి చెరోవైపు పాదం పెట్టి అందరం ఫోటోలు దిగాం.

బరంపురం: చక్కని పూరణ. సమస్యలోని వైరుధ్యం కళ్ళతో చూసిన వస్తువుతోనే విడిపోయింది. అయితే ‘లక్షణముగ’ యతి కోసం వచ్చి కూర్చున్న మాట. ‘లండనందు గుట్ట, లఘువె యైన’ అంటే? 1,501 మీటర్ల మహేంద్రగిరి నీడలో పెరిగినవారు ఆ గుట్టను అలాగే చూస్తారు. అప్పుడు ఆ పాదంలో మీ ఊరు కూడా ఉంటుంది.

పర్లాకిమిడి: సవరణకు ధన్యవాదాలు, గురువుగారూ. అలాగే మారుస్తాను.

రాయగడ (ప్రస్తుతం సింగపూరు): ఒక సందేహం. అక్కడ ఫోను తీసి చూస్తే సున్నా రేఖాంశం ఆ పట్టీ మీద ఉండదు, తూర్పుగా సుమారు 102 మీటర్ల అవతల ఉంటుంది. మరి ‘అడుగె’ నిలుస్తుందా?

పర్లాకిమిడి: నిలుస్తుందండీ. 1884లో వాషింగ్టన్ సమావేశం ఒప్పుకున్నది అక్కడ ఎయిరీ అనే ఖగోళవేత్త నెలకొల్పిన దూరదర్శిని గుండా పోయే రేఖనే. ఆ రోజుల్లో నిలువును స్థానిక గురుత్వాకర్షణ దిశను బట్టి చూసుకునేవారు. ఇప్పటి ఉపగ్రహాలు భూమి ద్రవ్యరాశి కేంద్రం నుంచి లెక్కిస్తాయి. తేడా అక్కడ పుట్టింది. నా కాళ్ళ నడుమ ఉన్నది ఎయిరీ రేఖ.

గుణుపురం (ప్రస్తుతం ఇస్తాంబుల్):

పడవ యెక్కినాము బాస్ఫరస్ జలముల
ఆసియాను వీడి యవలిదరికి
చేతి కప్పులోన చివరకు కనుపించు
తూర్పు పడమరలకు దూర మడుగె!

శనివారం కాడికోయ్‌లో పడవ ఎక్కి ఎమినోనులో దిగాం. సుమారు 20 నిమిషాల దారి. పడవలోనే టీ అమ్ముతారు. కప్పు అడుగు కనబడేసరికి ఖండం మారింది.

రాయగడ: ‘కనుపించు’ ఒక చోట, ‘అడుగె’ ఇంకో చోట. అన్వయం కుదిరేలోపు పాఠకుడు అలసిపోతాడు. పైగా ఆ జలసంధి ఎంత ఇరుకైన చోటైనా సుమారు 700 మీటర్లు.

బరంపురం: దూరాన్వయం నిజమే. కానీ 700 మీటర్లు అడ్డురాదు. ఈమె దూరాన్ని టీతో కొలిచారు. స్నేహితులతో తిరిగినప్పుడు ఎవరికైనా దూరం అలాగే తెలుస్తుంది. నాకు ఈ పూరణే ఎక్కువ నచ్చిందమ్మా.

రాయగడ: నా పూరణ:

వటువు పెరిగి నింగి వరకును నిండగ
బలికి తెలిసె నపుడు పాదమహిమ
కొలుచువాని కింక కొలమాన మేలయా
తూర్పు పడమరలకు దూర మడుగె!

బరంపురం: ధార గొప్పగా ఉంది. మూడో పాదం రెండుసార్లు పైకి చదివాను. కానీ త్రివిక్రముణ్ణి తీసుకొస్తే ఏ దూరమైనా అడుగే అవుతుంది, సమస్యకు పదును పోతుంది. మనం అడిగింది నగరం. మీ సింగపూరులో తూర్పు–పడమర అనే పేరుతోనే మెట్రో మార్గం ఉంది కదా! పాసిర్ రిస్ నుంచి టువాస్ లింక్ దాకా స్నేహితులతో ఎన్నిసార్లు తిరిగి ఉంటారు! దాన్ని వదిలేశారేం?

రాయగడ: ఆ సంగతి తట్టలేదండీ. మూడో పాదం ఇలా వచ్చింది: ‘తలుపు తెరచుకొనిన తరుణాన రైలెక్క’. స్టేషన్ల పేర్లకు యతి కుదిరితే మొదటి రెండు పాదాలు రాత్రికి పంపుతాను.