డిలీట్ చేసిన ఫైళ్లు మళ్లీ దొరక్కుండా చెరపడం ఎలా?

ప్రశ్న: పాత కంప్యూటర్ ఇచ్చేస్తున్నాను. ఒక హార్డ్ డిస్క్, ఒక ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) ఉన్నాయి. క్విక్ ఫార్మాట్ చాలా?

జవాబు: చాలదండీ. అది ఫైళ్ల పట్టికనే మారుస్తుంది, డేటా అలాగే ఉంటుంది. హార్డ్ డిస్క్‌కి విండోస్‌లో ‘క్విక్’ టిక్కు తీసేసి ఫార్మాట్ చేయండి, అంతటా సున్నాలు రాస్తుంది. ఒక్కసారి చాలు, కొందరు చెప్పినట్టు 35 సార్లు రాయడం ఇప్పటి డిస్కులకి వృథా శ్రమ.

మరో జవాబు: ఎస్‌ఎస్‌డీకి మాత్రం ఆ ఫార్మాట్‌ని నమ్మకండి. వేర్ లెవెలింగ్ (మెమరీ సెల్స్ అన్నీ సమానంగా అరిగేలా రాతను పంచే పద్ధతి) వల్ల కొత్త రాత వేరే సెల్స్‌లో పడి, పాత డేటా కొంత మిగలొచ్చు. తయారీదారు టూల్‌లోని సెక్యూర్ ఎరేజ్ (డ్రైవే తన డేటా అంతా చెరిపేసుకునే కమాండ్) వాడండి. సాటా (కేబుల్‌తో తగిలించే రకం) డ్రైవ్ ‘ఫ్రోజెన్’ (ఈ కమాండ్‌కి తాళం పడింది) అని మొరాయిస్తే కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి లేపితే తరచుగా దారికొస్తుంది. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు ఈ కమాండ్‌ని డ్రైవ్‌దాకా పంపవు, నేరుగా మదర్‌బోర్డుకే తగిలించండి.

ప్రశ్న అడిగినవారు: హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు (పాడైన భాగాలు) ఉన్నాయి, ఫర్వాలేదా?

జవాబు: డ్రైవ్ పక్కన పెట్టేసిన సెక్టార్లలోకి ఫార్మాట్ వెళ్లలేదు. రహస్య పత్రాలుంటే డిస్క్ ఇవ్వకండి, విప్పి ప్లాటర్లు (డేటా ఉండే లోపలి గుండ్రటి పళ్లాలు) పగలగొట్టండి.