రెక్టిఫై అంటే దిద్దుడా, సవరించుడా, దురస్తా?

నిన్న ఒకరు రెక్టిఫైకి తెలుగు మాట అడిగితే "సరిచేయు" అని ఒకరు, "సవరించు" అని ఇంకొకరు రాసి వదిలేశారు. రెండూ తప్పు కాదు. కానీ ఈ మాట వెంట నేను ఈమధ్యనే ఆరు నెలలు తిరిగిన, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నల్గొండ దగ్గర మా నాన్న కొన్న ఎకరం ఇరవై గుంటలది సర్వే నంబరు 214/ఆ. దస్తావేజులో 214/అ అని పడింది. ఒక్క దీర్ఘం పోయింది, అంతే. బడిలో అయితే సారు ఎర్ర పెన్నుతో దీర్ఘం పెట్టి ఇచ్చేవాడు. ఇక్కడ మాత్రం డాక్యుమెంట్ రైటర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం వెలుతురుకు పట్టి చూసి, "ఇది దిద్దితే కాదు సారూ, రెక్టిఫికేషన్ డీడ్ రాయాలె, అమ్మినాయన కూడా వచ్చి సంతకం పెట్టాలె" అన్నాడు. ఆ అమ్మినాయనేమో మిర్యాలగూడలో కొడుకు దగ్గర, మోకాళ్ల నొప్పులతో. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చిన కథ వేరే.

చివరికి వచ్చిన కాగితం మీద "సవరణ దస్తావేజు" అని ఉంది. కౌంటర్ వెనక అమ్మాయి దాన్నే "కరెక్షన్" అన్నది. ఇంటికొస్తే అమ్మ "దురస్తయిందా?" అని అడిగింది. పోయింది ఒక్క దీర్ఘం, దానికి ఇన్ని మాటలు.

రెక్టిఫైలో ఉన్నది లాటిన్ రెక్టస్, అంటే వంకర లేనిది. రెక్టాంగిల్‌లో ఉన్నదీ అదే. కాబట్టి అసలు అర్థం వంకర తీయడం. ఫోన్ ఛార్జర్ లోపల ఉండే రెక్టిఫైయర్ చేసే పని కూడా అదే కదా, అటూ ఇటూ మారే ఏసీ కరెంటును ఒకే దిక్కు పోయే డీసీ చేస్తుంది. నన్నడిగితే దీనికి దగ్గరి తెలుగు మాట "చక్కదిద్దు". చక్క అంటేనే వంకర లేనిది, "చక్కగా పోయి ఎడమకు తిరుగు" అంటాం చూడండి. మనోళ్లు లాటిన్ చదవకుండానే అదే మాట కట్టుకున్నారు.

ఉట్టి "దిద్దు" మాత్రం చాలా విశాలం. పలక మీద ఓనమాలు దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, మీసం దిద్దుతాం, వీటిలో తప్పేమీ లేదు. మనిషిని కూడా దిద్దొచ్చు, గురజాడ 1910 నాటి "దిద్దుబాటు" కథలో దిద్దబడేది మొగుడే. ఇంగ్లీషులో మనిషిని రెక్టిఫై చేశామంటే వినడానికి బాగుండదు, అక్కడ కరెక్ట్ అనాలి. యంత్రానికీ కుదరదు, బోరు మోటారు కాలిపోతే వైండింగ్ చేయించి బాగు చేయిస్తాం, అది రిపేరు. రెక్టిఫై పక్కన పడేది పొరపాటు, లోపం, చెడిన పరిస్థితి, ఇట్లాంటివే.

"సవరించు"తో నాకున్న పేచీ వేరు. సవరణకు ముందు తప్పు జరిగి ఉండాలని లేదు. గొంతు సవరించుకుంటాం, చీర కుచ్చిళ్లు సవరించుకుంటాం. పంచాయతీల కోసం 1992లో 73వ రాజ్యాంగ సవరణ చేసింది ఎక్కడో అచ్చుతప్పు పడిందని కాదు. రెక్టిఫైకి మాత్రం తప్పు ఉండి తీరాలి. "కైండ్లీ రెక్టిఫై ద సేమ్" అని ఉత్తరం వస్తే నేనైతే "ఈ పొరపాటును సరిచేయగలరు" అని రాస్తా, "సవరించగలరు" అని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే ఉండదు. ఆఫీసుల్లో సవరణ మీద అంత ప్రేమ అందుకేనేమో!

ఇక అమ్మ అన్న దురస్తు. ఫార్సీ "దురుస్త్" నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది, సరిగ్గా ఉన్నది అని దాని అర్థం. తందురుస్తీలో ఉన్నదీ ఇదే, ఒళ్లు సరిగ్గా ఉండడం. మా ఇంట్లో భూమి కాగితాలకే ఈ మాట వాడతారు, మోటారుకు ఎవరూ అనరు.

మహబూబ్‌నగర్ దిక్కువాళ్లు చెప్పండి, పహాణీలో, అంటే భూమి రికార్డులో, పేరు తప్పు పడితే మీ దగ్గర కూడా దురస్తు అనే అంటారా, వేరే మాట ఉందా?