పాత డిస్క్ కొత్త ల్యాప్‌టాప్‌లో కనపల్యా, అర్జెంటు

ప్రొద్దుటూరు డీటీపీ: అన్నలారా, మధ్యాహ్నం నుంచి దీంతోనే తల బద్దలుకొట్టుకుంటాండా. పాత సీపీయూలో ఉండే మెమరీ తీసి కొత్తదానికి తగిలిస్తే పనిచేయడంల్యా. పెళ్లిపత్రికల డిజైన్లన్నీ అందులోనే ఉండాయి. ఏం చేయాల?

కర్నూలు హార్డ్‌వేర్: మెమరీ అంటే ర్యామ్ కదా, పాతరకం డీడీఆర్2 ర్యామ్ కొత్తరకం డీడీఆర్4 బోర్డులో పట్టదు. గాడి తేడా. కొత్తది కొను.

ప్రొద్దుటూరు డీటీపీ: ర్యామ్ ఎవరడిగినారప్పా? డిజైన్లు ర్యామ్‌లో ఉంటాయా? హార్డ్ డిస్క్!

కర్నూలు హార్డ్‌వేర్: అట్ల రాయాల మరి.

అనంతపురం మాస్టారు: డిస్క్ సంగతి తర్వాత. ఆ ఫైళ్లు ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసినవే అయ్యుంటాయి. ఆ ఫాంట్ లేని మిషన్లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలొస్తాయి. ఏ మిషన్లో తెరిచినా అక్షరాలు మారని యూనికోడ్ పద్ధతిలోకి తెలుగు 1991లోనే వచ్చింది. మన ప్రెస్సులవాళ్లు ఈరోజుకూ మారరు. ఎన్నిసార్లు మొత్తుకోవాల?

కడప సర్వీస్: మాస్టారూ, ముందు డిస్క్ తెరుచుకోనీండి. తమ్ముడూ, వెడల్పు రిబ్బన్ కేబుల్ పట్టేదేనా, 40 పిన్నులది? 3.5 అంగుళాలదైతే యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలవు. 12 వోల్టులు కూడా కావాల, నాలుగు పిన్నుల పవర్ వేరే పెట్టాల.

ప్రొద్దుటూరు డీటీపీ: అదేనన్నా. యూఎస్‌బీ కన్వర్టర్ కొన్యా, పవర్ పెట్టినా. గుర్రుమని తిరుగుతాంది, స్క్రీన్ మీద ఏం ల్యా. పాతదాంట్లో రెండు డిస్కులుండె, ఇది రెండోది.

కడప సర్వీస్: ఇదికదా మొదలే చెప్పాల్సింది! ఒకే కేబుల్‌కు రెండు డిస్కులుంటే ఒకటి మాస్టర్, ఇంకోటి స్లేవ్. రెండోదంటే స్లేవ్‌లో పెట్టింటారు. రిబ్బన్ గుచ్చేచోటికీ పవర్ గుచ్చేచోటికీ నడుమ బుల్లి పిన్నుల మీద ప్లాస్టిక్ టోపీ ఉంటాది, జంపర్. పవర్ తీసేసి, దాన్ని లాగి మాస్టర్‌లో పెట్టు. ఎట్ల పెట్టాల్నో డిస్క్ లేబుల్ మీదే బొమ్మ ఉంటాది. వెస్ట్రన్ డిజిటల్‌దైతే ఒంటిగా వాడేటప్పుడు జంపర్ తీసేయడమే. విండోస్ ఫార్మాట్ చేయమంటే మాత్రం చేయొద్దు, చేస్తే డిజైన్లు గోవిందా.

కర్నూలు హార్డ్‌వేర్: ఇంకా ఈ రిబ్బన్ కేబుల్ ఐడీఈ డిస్కులేందప్పా. కొత్తరకం ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేసుకోక.

కడప సర్వీస్: డిజైన్లు నువ్విస్తావా?

అనంతపురం మాస్టారు: ఐడీఈ కాదు, పాటా అనాలి. సన్న కేబుల్ పట్టే సాటా డిస్కులు వచ్చినాక దీనికి స్థిరపడిన పేరు అదే.

కర్నూలు హార్డ్‌వేర్: షాపులో పాటా అడిగితే పాటల పెన్‌డ్రైవ్ ఇస్తారు.

ప్రొద్దుటూరు డీటీపీ: జంపర్ గోటికి రాల్యా, మా ఇంట్లో కనుబొమ్మల పట్టకారుతో లాగినా. కనపడింది. కాపీ అవుతాంది. థ్యాంక్స్.

ఆదోని నుంచి: అన్నా, ఆ కన్వర్టర్‌కే ఫ్లాపీ డ్రైవ్ పెట్టొచ్చా?

కర్నూలు హార్డ్‌వేర్: పట్టదు. దానివి 34 పిన్నులు.