కన్సల్టింగ్ అంటే కన్సల్టెన్సీ కాదన్నా: డల్లస్ తమ్ముడి ప్రశ్న, మనోళ్ల జవాబులు

హన్మకొండ తమ్ముడు, డల్లస్

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. మొన్న మే నెలల బిజినెస్ అనలిటిక్స్ ఎం.ఎస్. అయిపోయింది. ఓపీటీ కార్డు, అంటే చదువు అయినంక ఈడ కొలువు చేసుకోనీకె ఇచ్చే పర్మిషన్, చేతికొచ్చింది, జులై 1 నుంచి మొదలు. నాకు కన్సల్టింగ్‌ల పోవాలని ఉన్నది. వచ్చే నెల ఒక కంపెనీల కేస్ ఇంటర్వ్యూ, అంటే ఒక వ్యాపారం చిక్కు ముంగట పెట్టి విప్పమంటరు. ఇంకో ముచ్చట: కన్సల్టింగ్ కొలువుల మీద వ్యాసాలు వేసే ఒకాయన, నీ ఇంటర్వ్యూ అనుభవాలు మూడు ముక్కలు రాసియ్యి, ముక్కకు 100 డాలర్లు ఇస్త అన్నడు. రాయొచ్చా? పైసలు తీసుకోవచ్చా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జమ్మికుంట అన్న, ఎడిసన్

తమ్మీ, కన్సల్టెన్సీ అన్నవు గాబట్టి చెప్తున్న, మంచిగ విను. నేను 2007ల వచ్చిన. నన్ను తెచ్చిన కన్సల్టెన్సీవోడు, అంటే మనుషులను ఈడికి తెచ్చి వేరే కంపెనీలల్ల పనికి పెట్టేటోడు, మనోడే, మన జిల్లానే. పేరు చెప్ప, ఇప్పటికీ పెండ్లిళ్లల్ల ఎదురైతడు. ఎయిర్‌పోర్టు కెల్లి సీదా గెస్ట్ హౌజ్‌కు తోల్కపోయిండు. గెస్ట్ హౌజ్ అంటే ఏందో అనుకునేవు, రెండు బెడ్‌రూములు, తొమ్మిది మందిమి. హాల్ల కార్పెట్ మీద చెద్దర్లు పరుసుకొని పండుడు. ఒకటే రైస్ కుక్కర్, దినాం మూడుసార్లు ఎక్కుతుండె. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటిచ్చిండ్రు: ఎవరికి ఎన్నిగంటలకు ఫోన్ ఇంటర్వ్యూ అని. ఆ టైంకు బాత్‌రూం ఖాళీ చెయ్యాలె, ఎందుకంటే ఇంట్ల సప్పుడు లేని జాగ అదొక్కటే. నేను నా మొదటి ఇంటర్వ్యూ టబ్బు అంచు మీద కూసోని ఇచ్చిన.

మూడోరోజు నా రెజ్యూమే నాకే పంపిండ్రు. చదివితే అండ్ల నేను ఏడేండ్ల జావా మనిషిని. నాకున్నదేమో హైదరాబాద్‌ల ఏడాదిన్నర టెస్టింగ్. ఇదేందన్నా అంటే, "అందరు చేసేదే, నువ్వొక్కనివే హరిశ్చంద్రునివా" అన్నడు. నాలుగు నెలలు బెంచ్, అంటే పని లేకుండ కూసోవుడు. నయా పైసా జీతం లేదు. హెచ్ వన్ వీసా ఖర్చంత ముందుగాల్నే నాతోని పెట్టిచ్చిండు. వేరే కంపెనీకి మారుదమంటే పే స్టబ్బులు, అంటే జీతం చీటీలు, అడుగుతరు, నా దగ్గర ఒక్కటి లేదు. పోత అంటే 15,000 డాలర్ల బాండ్ తీసి ముంగట పెట్టిండు.

ఆఖరికి లైబ్రరీల పరిచయమైన ఒక గుజరాతీ పెద్దమనిషి డబ్ల్యూహెచ్-4 అని ఒక ఫిర్యాదు ఫారం ఉంటదని చెప్పిండు. నింపి లేబర్ డిపార్ట్‌మెంటుకు పంపిన. హెచ్ వన్ మనిషిని పని లేదన్న సాకుతోని జీతం లేకుండ కూసోబెట్టొద్దని 1998 నుంచే చట్టమున్నది, నాకే ఎరుక లేదు. తప్పు జరిగిన పన్నెండు నెలల్లోపల ఫిర్యాదు వెయ్యాలె, నాది పదో నెల. పైసలు చేతికొచ్చేటాళ్లకు ఇంకో ఏడాది. గందుకే తమ్మీ, కన్సల్టెన్సీ జోలికి పోకు.

ఖాజీపేట అన్న, ఇర్వింగ్

జమ్మికుంటన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. నేను రూల్ చెప్త, రాసుకో: ఓపీటీ మీద కొలువు లేకుండ 60 రోజులు దాటినయంటే సూట్‌కేస్ సర్దుకునుడే. ఇంకోటి, నువ్వు డల్లస్‌లనే ఉన్నవు గదా, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేటప్పుడు మూలమూలకు ఫోటోలు తీస్కో. మా ఓనరు తాలింపు వాసన పోలేదని 400 డాలర్లు కోసిండు. టెక్సస్‌ల 30 రోజుల్ల డిపాజిట్ వాపస్ ఇయ్యాలె, కాని నువ్వు కొత్త అడ్రసు కాగితం మీద రాసిస్తెనే. నేను ఇయ్యలే. పోపు వేసేటప్పుడు కిటికీ తెరువు.

హుజూరాబాద్ పెద్దన్న, అట్లాంటా

60 ఎక్కడిది ఖాజీపేటా? 90 రోజులు. స్టెమ్ పొడిగింపు, అంటే సైన్స్, లెక్కల అసుంటి చదువులోళ్లకు ఓపీటీ పెంచుడు, దొరికితే మొత్తం కలిపి 150. నువ్వు చెప్పే 60, హెచ్ వన్ వాళ్లకు కొలువు ఊడితే ఇచ్చే గడువు. కొత్త పిలగాన్ని బెదరగొట్టకు.

ఇగ జమ్మికుంటకు ఒక మాట. ఇరవై ఏండ్ల సంది ఈ గెస్ట్ హౌజ్ కథ వింటున్నం. నాలుగెకరాల పత్తి రైతు కొడుకు అమెరికా మొహం చూసిండంటే ఆ బద్మాష్ కన్సల్టెన్సీల పుణ్యమే. వరంగల్ ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీల చదివినోళ్లను కంపెనీలే కాలేజీకొచ్చి ఎత్తుకపోయినయి. మనల్నెవడు పిలిచిండు?

జమ్మికుంట అన్న, ఎడిసన్

పుణ్యమా పెద్దన్నా? వాడు పెట్టిన ప్రతి ముద్దకు తర్వాత నా జీతంల కెల్లి పట్టుకున్నడు. దొంగ అనుభవం కాగితాలు రేపు గ్రీన్ కార్డు కాడ బయటపడితే జన్మల మళ్ల రానియ్యరు. అప్పుడు నువ్వొస్తవా జవాబు చెప్పనీకె?

హన్మకొండ తమ్ముడు, డల్లస్

అన్నా, మాఫ్ చెయ్యుండ్రి. నేనడిగింది కన్సల్టెన్సీ కాదు. కన్సల్టింగ్. కంపెనీలకు సలహాలిచ్చే కొలువు.

ఖాజీపేట అన్న, ఇర్వింగ్

తేడా ఏమున్నది? వాళ్లు గూడ మనిషిని క్లయింటు కాడికి తోలి బిల్లు ఏస్తరు. సూటు ఒక్కటి ఎక్కువ.

నర్సంపేట అక్క, షికాగో

ఖాజీపేట తమ్ముడు నవ్వులాటకన్నా అండ్ల కొంత నిజమున్నది. నేనుండే ఈ షికాగోలనే 1926ల మెకిన్సే పుట్టింది, అప్పటిసంది ఈ ధందా మొత్తం మనిషి టైమును అమ్ముకునుడే. కాకపోతే ఈడ దొంగ రెజ్యూమే నడవదు, ఇంటర్వ్యూల నీ బుర్రనే విప్పి చూస్తరు. నేను ఇదే పనిల పదకొండేండ్ల సంది ఉన్న.

తమ్ముడూ, కేస్ గురించి. పుస్తకాలల్ల ఉన్న చట్రాలు, అంటే రెడీమేడ్ ఫ్రేమ్‌వర్కులు, బట్టీ పట్టకు, ఎదుటోనికి రెండు నిమిషాల్ల తెలిసిపోతది. నేను మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ పెట్టుకొని నేర్చుకున్న. మా బాపు మిర్చి ఆడికే తోలుతుండె. ఒక అడ్తిదారుకు ఈ ఏడు లాభం తగ్గింది, ఎందుకు? కాగితం కలం పట్టు. రోజుకు 500 బస్తాలు, బస్తాకు 40 కిలోలు అనుకో, 200 క్వింటాళ్లు. క్వింటాలు 15,000 అనుకుంటే 30 లక్షల సరుకు. రెండు శాతం కమీషన్ అనుకుంటే 60,000. ఇగ అడుగు: బస్తాలు తక్కువొచ్చినయా, ధర పడ్డదా? ధర పడితే రైతు అమ్మకుండ కోల్డ్ స్టోరేజీల పెట్టిండా? అట్లయితే ఆ సరుకు మీద అడ్తిదారు ముందుగాల ఇచ్చిన అప్పు ఇరుక్కపోయింది, దాని మీద మిత్తి పెరుగుతున్నది. హమాలీ, దుకాణం కిరాయి మాత్రం తగ్గయి. గిట్ల ఒక్కొక్క తలుపు తట్టుకుంట పోయి, ఆఖరికి "నేనైతే ఇది చేస్త" అని ఒక మాట కచ్చితంగ చెప్పాలె. క్యాలిక్యులేటర్ ఉండదు, సున్నాలు తప్పుతయి, పైకి అనుకుంట లెక్క చెయ్యి. నువ్వు వాళ్లకు సరిపోతవా అని చూసే ఫిట్ ప్రశ్నలకు "టీం వర్క్ ఇష్టం" అనకు, ఒక దినం ఏం జరిగిందో చెప్పు. వీసాకు స్పాన్సర్ చేస్తరా అన్నది మొదట్లనే అడుగు, సిగ్గుపడకు.

ఇప్పుడు నీ వ్యాసాల ముచ్చట, ఇంతమందిల ఒక్కరూ ముట్టలే. నీ చదువుకు సంబంధించిన పనైతే ఓపీటీ మీద సొంతంగ చేసుకోవచ్చు. కాని ఇంటర్వ్యూ కథలు రాసుడు అనలిటిక్స్‌కు ఎట్ల సంబంధమో చూపెట్టాల్సింది నువ్వే. కాలేజీల మీ డీఎస్ఓను, అంటే బయటి దేశాల పిల్లల వీసా కాగితాలు చూసే ఆఫీసరును, అడగకుండ ఒక్క డాలరు తీసుకోకు. స్టెమ్ పొడిగింపుల పడ్డంక పైసల రాత బంద్, ఆడ ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టిన కంపెనీ పనే చెయ్యాలె. హెచ్ వన్ అయినంక పిటిషన్ వేసిన కంపెనీ జీతం తప్ప వేరే సంపాదన వద్దు. మీ బాపు ఖాతాల వేయించుకుంట అనే తెలివి చెయ్యకు, పని నువ్వు ఈడ కూసోని చేసినవు. నేనైతే 300 డాలర్లు వద్దు, కింద నా పేరు సక్కగ వెయ్యుండ్రి అంట.

ఏం రాయొద్దంటే, వాళ్లడిగిన కేస్ రాయొద్దు. అదే కేస్ రేపు ఇంకొకరికి అడుగుతరు, నువ్వు బయటపెట్టినవని తెలిస్తే ఆ తలుపు మూసుకపోయినట్టే. ఇంటర్వ్యూ తీసుకున్నోళ్ల పేర్లు వద్దు. నా తప్పు గూడ చెప్త. కొలువుల చేరిన రెండో ఏడు ఒక వ్యాసం రాసిన. క్లయింటు పేరు తీసేసిన, తెలివిగ రాసిన అనుకున్న. కాని "నాలుగు రాష్ట్రాలల్ల కొట్లున్న కిరాణా కంపెనీ, మొన్ననే ఓనరు మారింది" అని ఒక వాక్యం పెట్టిన. ఈ దిక్కు వాళ్లకు ఇంకేం చెప్పాలె? పొద్దున తొమ్మిదింటికి వ్యాసం పడ్డది, పదకొండుకు కంపెనీ రూల్స్ చూసే కంప్లయన్స్ వాళ్ల కెల్లి ఫోన్. మేనేజర్ నా ముంగట ప్రింట్ పెట్టి ఆ వాక్యం కింద పెన్సిల్ గీత గీసి, ఏం అనకుండ చూసిండు. తిట్టినా బాగుండు అనిపించింది. సంపాదకుడు పెట్టిన "పది రహస్యాలు" అన్న శీర్షిక అదనం, నేనసలు ఒక్క రహస్యం గూడ రాయలే. శీర్షిక మారిస్తే నాకు చూపెట్టాలె అని ముందే అడుగు.

హుజూరాబాద్ పెద్దన్న, అట్లాంటా

అక్క మంచిగ చెప్పింది. ఒకటి మర్సిపోయింది, ఓపీటీ మీద కొలువు దొరకంగనే పది రోజుల్ల సర్కారు వాళ్ల పోర్టల్‌ల ఎక్కియ్యాలె.

హన్మకొండ తమ్ముడు, డల్లస్

అక్కా, డీఎస్ఓ మేడంను అడిగిన. పైసలు లేకుంటె నాకు సంబంధం లేదు అన్నది. పైసలు వద్దన్న. మొదటి ముక్క ఎనుమాముల లెక్క మీదనే రాసి పంపిన. సంపాదకుడు ఒకటే అడిగిండు, ఎనుమాముల అంటే ఎక్కడ, అందరికి అర్థమయ్యేటట్టు ఒక వాక్యం రాయమని.

ఖాజీపేట అన్న, ఇర్వింగ్

రాయి: ఖాజీపేట జంక్షన్ల దిగి ఆటో ఎక్కాలె.

నర్సంపేట అక్క, షికాగో

ఖాజీపేటల దిగితే ఆటోకే వంద అయితయి. వరంగల్ స్టేషన్ల దిగమను.

ఖాజీపేట అన్న, ఇర్వింగ్

అన్ని బండ్లు వరంగల్ల ఆగుతయా అక్కా?