1968 అంబాసిడర్‌కు డైనమో ఉంచాలా, ఆల్టర్నేటర్ వేయాలా?

దేవరకొండ_మార్క్2:
బండి మార్క్ 2, 1968 మోడల్. కరెంటు పుట్టించేది పాతకాలపు డైనమో, దాన్ని బ్యాటరీకి కలిపే, విడదీసే కటౌట్ బాక్స్ ఉన్నయి, బ్యాటరీ ప్లస్ బాడీకి ఎర్త్. కావాల్సినవి హెచ్4 హాలోజెన్లు, రెండు ఫోన్లకు ఫాస్ట్ చార్జర్, చిన్న మ్యూజిక్ సిస్టమ్, డాష్‌క్యామ్. నల్గొండల ఒక ఎలక్ట్రీషియన్ డైనమో బదులు కొత్త రకం ఆల్టర్నేటర్ తప్ప దారి లేదంటడు. ఇంకొకాయన డైనమో తీస్తే పాత బండి విలువే పోతదంటడు. ఎవరి మాట వినాలె?

పాలమూరు_వైరింగ్:
లెక్కేస్తే తేలుతది. లో బీమ్ రెండు బల్బులు 110 వాట్లు, అంటే 8 ఆంపియర్లు. పార్కింగ్, టెయిల్, మీటర్ లైట్లు రెండున్నర. ఇగ్నిషన్ కాయిల్ మూడు నాలుగు. ఫోన్ చార్జర్లు రెండూ పూర్తిగా లాగితే ఐదు, పాటలకు మూడు. వానపడితే వైపర్‌కు ఇంకో మూడు. మొత్తం 25 దగ్గరికి వచ్చింది. ఆ కాలపు లూకాస్ సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22, అదీ ఇంజిన్ గట్టిగా తిరిగినప్పుడే. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌ల ఐడిలింగ్‌లో నిలబడితే కటౌట్ తెరుచుకొని డైనమో లైను తెగుతది, లోడంతా బ్యాటరీ మీదనే. ఆల్టర్నేటర్ వేసుకోండి.

మిర్యాలగూడ_పాతబండ్లు:
అన్నా, అన్నీ ఒకేసారి నిండుగా లాగుతయా? ఫోను సగం నిండినంక చార్జర్ తీసుకునేది తగ్గిపోతది. పగలు హెడ్‌లైట్లే ఉండవు. ముందు వైరింగ్ చూడుర్రి. అర్ధ శతాబ్దం కింది వైరు మీది గుడ్డ తొక్క ఒలిస్తే లోపల రాగి పచ్చబడి ఉంటది. హెడ్‌లైట్ కరెంటు మొత్తం డాష్ స్విచ్, డిప్పర్ దాటి రావాలె. ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో పెట్టి, లైటు వేసి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ లైవ్‌కు (ఎర్త్ కాని టెర్మినల్‌కు), ఇంకో కొస బల్బు లైవ్ పిన్నుకు పట్టుర్రి. అర వోల్టు దాటితే తప్పు డైనమోది కాదు. బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతది. రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెడితే సగం సమస్య అక్కడనే తీరుతది.

పాలమూరు_వైరింగ్:
రిలేల మాట ఒప్పుకుంటున్న. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 20 ఆంపియర్ ఫ్యూజు, అక్కడి నుంచి రిలే మీద 30 అని రాసిన పిన్నుకు. 87 నుంచి ఒక్కో బల్బుకు 2.5 వైరు. పాత స్విచ్ వైరు రిలే కాయిల్ పిన్నులు 85, 86లకే. బల్బు ఎర్త్ కూడా కొత్తగా లాగాలె, తుప్పు పట్టిన మడ్‌గార్డ్ బోల్టును నమ్మొద్దు. ఒక జాగ్రత్త: ప్లస్ ఎర్త్ బండిలో డయోడ్ ఉన్న రిలేను మామూలుగా కలిపితే ఆ డయోడ్ షార్టై కాలిపోతది. డయోడ్ లేనిదే అడిగి తీసుకోండి. అతుకులు మెలిపెట్టి టేపు చుడితే మే నెల ఎండకు జిగురు కారి ఊడుతది. లగ్గు క్రింప్ చేసి హీట్ ష్రింక్ ఎక్కించాల్సిందే.

దేవరకొండ_మార్క్2:
మరి ప్లస్ ఎర్త్ సంగతేంది? ఫోన్ చార్జర్ పెట్టొచ్చా?

జడ్చర్ల_కటౌట్:
ఇప్పుడు దొరికే చార్జర్ సాకెట్ల బయటి రింగు మైనస్. దాన్ని మీ డాష్ ఇనుముకు బిగిస్తే నేరుగా షార్టే. ముందు పోలారిటీ మార్చుకోండి, అంటే ప్లస్ బదులు మైనస్‌ను బాడీకి ఎర్త్ చేయండి, డైనమో ఉంచినా సరే. బ్యాటరీ విప్పి తిప్పి పెట్టాలి, అమీటర్ వైర్లు అటుదిటు, కాయిల్ మీది రెండు సన్న వైర్లు అటుదిటు. తర్వాత కటౌట్ బాక్సులో ఎఫ్ (F) వైరు ఊడదీసి, దాని కొసను బ్యాటరీ లైవ్ వచ్చే, A అని రాసిన టెర్మినల్‌కు ఒక్క క్షణం తాకించండి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, డైనమో కొత్త పోలారిటీ పట్టుకుంటుంది. సెల్ఫ్‌ను ముట్టుకోనక్కర్లేదు. పాత రేడియో ఉంటే దాని కనెక్షన్ ముందే తీసేయండి. ఆల్టర్నేటర్‌కు మాత్రం మైనస్ ఎర్త్ తప్పనిసరి, తిరగేస్తే డయోడ్లు వెంటనే పోతాయి.

పాలమూరు_వైరింగ్:
ఆల్టర్నేటర్ పెట్టేటోళ్లు ఎక్కువగా మరిచేది అమీటర్. పాతది 30 ఆంపియర్లదే. బ్యాటరీ దిగి ఉన్న రోజు ఆల్టర్నేటర్ అంతకంటే ఎక్కువ తోస్తే డాష్ వెనుక పొగ. ఆల్టర్నేటర్ కరెంటు బయటికిచ్చే బీ ప్లస్ టెర్మినల్ నుంచి బ్యాటరీకి వేరే 10 చదరపు మిల్లీమీటర్ల వైరు, 60 ఫ్యూజు. అమీటర్ తప్పించి వోల్ట్ మీటర్ పెట్టుర్రి, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 చూపాలె. ఎల్ టెర్మినల్ చార్జింగ్ లైటుకు పోవాలె, అది ఎల్‌ఈడీ కాదు, 2.2 వాట్ల మామూలు బల్బే. లేకుంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టదు. కొత్త కార్లవి గాట్ల పుల్లీతో వస్తయి, మీది వీ బెల్టు. పుల్లీ మార్చి, స్కేలు పెట్టి వరుస చూడకుంటే బెల్టు అంచు అరిగి దారాలు లేస్తయి.

మిర్యాలగూడ_పాతబండ్లు:
ఇంత పని ఎందుకంటే వినరు. ఇగ విలువ సంగతి: 2021ల వచ్చిన వింటేజ్ రూలు 50 ఏళ్లు దాటిన బండికి చాసిస్, బాడీ, ఇంజిన్‌ల పెద్ద మార్పులు ఉండొద్దంటది. బ్రాకెట్ కోయకుండ, వెల్డింగ్ లేకుండ బోల్టులతో పెట్టి, డైనమో, కటౌట్ దాచుకుంటే మళ్లీ అసలు రూపానికి తేవొచ్చు. కాకుంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ బండిని రోజూ తిప్పరాదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేర్లు, పెట్రోలు పోయించుకోవడం అంతే. రోజూ నల్గొండ పోయేటోళ్లకు అది పనికిరాదు.

జడ్చర్ల_కటౌట్:
హెచ్4 రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు మాత్రం వద్దు. వెలుగు చెదిరి నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఎదురు లారీవాళ్ల కళ్లలో కొడుతుంది. టెయిల్, మీటర్ లైట్లకు పెట్టుకోండి, ఒక ఆంపియర్‌కు పైనే మిగులుతుంది. డాష్‌క్యామ్‌ను ఇగ్నిషన్ లైనుకే కలపండి. బండి ఆగాక కూడా అది 50 మిల్లీ ఆంపియర్లు తాగితే రోజుకు 1.2 ఏహెచ్ (ఆంపియర్-అవర్), 60 ఏహెచ్ బ్యాటరీ 25 రోజుల్లో సగానికి వస్తుంది.

దేవరకొండ_మార్క్2:
సరే, ముందు వోల్టేజి కొలిచి, పోలారిటీ మార్చి, రిలేలు వేయిస్త. రాత్రి హెడ్‌లైట్లు, పాటలు, చార్జర్లు వేసి ఐడిలింగ్‌లో పది నిమిషాలు ఉంచి చూస్త.

పాలమూరు_వైరింగ్:
ఆ పది నిమిషాల తర్వాత లైట్లు ఆర్పకుండనే బ్యాటరీ వోల్టేజి చూడు. 12.2 కంటే కిందికి దిగితే మిర్యాలగూడ అన్న మాట పక్కకు పెట్టి ఆల్టర్నేటర్ వెతుక్కో.

మిర్యాలగూడ_పాతబండ్లు:
ఐడిలింగ్‌లో పది నిమిషాలు ఎవరు నిలబడతరన్నా? అదే పరీక్ష రోడ్డు మీద 50 వేగంలో పెట్టి చూడమను.