చంద్రుడు, గురుడు, శని: ఇంటి మేడ మీద నుంచి చూడటానికి ఏ టెలిస్కోపు కొనాలి?

మేడమీద_ఆకాశం: మా అమ్మాయి ఐదో తరగతి. పదివేల లోపు టెలిస్కోపు కొనాలి. ఉండేది కూకట్‌పల్లి, చుట్టూ వీధిదీపాలే. శని వలయాలు కనిపిస్తాయా? ఇంట్లో ఉన్న 10×50 (పది రెట్లు, 50 మి.మీ. కటకం) బైనాక్యులర్‌తో నిన్న పౌర్ణమి చంద్రుణ్ణి చూస్తే తెల్లటి పళ్లెంలా ఉన్నాడు. గోతులేవీ?

కృత్తిక_బెజవాడ: పౌర్ణమి నాడు సూర్యకాంతి సూటిగా పడుతుంది, నీడలుండవు. శుక్ల అష్టమి నాడు చూడండి. వెలుగూ చీకటీ కలిసేచోట ఒక్కో గొయ్యి అంచు మెరుస్తుంటే, లోపల సగం నల్లటి నీడ.

గట్టుమీద_రాత్రి: పౌర్ణమిని తీసిపారేయకండి. టైకో అనే గొయ్యి నుంచి నలుదిక్కులా పరుచుకున్న తెల్లచారలు అప్పుడే బాగా తెలుస్తాయి. ఉదయించేటప్పుడైతే చంద్రుడు ఎంత పెద్దగా ఉంటాడో!

కృత్తిక_బెజవాడ: పెద్దగా ఉండడు. అది కంటి భ్రమ. నడినెత్తికి వచ్చినప్పుడే మనకు దాదాపు 6,400 కి.మీ. దగ్గరవుతాడు.

గట్టుమీద_రాత్రి: గోదావరి గట్టున ఏళ్ల తరబడి చూస్తున్నాను. భ్రమ అని ఒక్కమాటలో కొట్టేస్తే ఎలా? గాలి పొర భూతద్దంలా పనిచేస్తుంది.

రిటైర్డ్_మాస్టారు: భౌతికశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, నా మాట వినండి. గాలి పొర చంద్రుణ్ణి పెంచదు, దిగంతం దగ్గర నిలువునా కాస్త నొక్కుతుంది. చెయ్యి చాచి చిటికెనవేలి గోరుతో కొలవండి. ఉదయించేటప్పుడూ, నడినెత్తినా కొలత ఒకటే.

గట్టుమీద_రాత్రి: కొలతలు మీరే ఉంచుకోండి. ఆ ఎర్రటి చంద్రుణ్ణి గోరు అడ్డం పెట్టుకుని చూడమంటారా?

డాలస్_తెలుగు: పెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంటే మాత్రం కొనకండి. నాకు అలాగే అంటగట్టారు. కటకం వెడల్పు మిల్లీమీటరుకు రెండు రెట్లకు మించి పెంచితే అంతా మసకే. 60 మి.మీ. కటకానికి 120తో సరి. స్టాండు అయితే మరీ ఘోరం, ఫోకస్ మరను ముట్టుకుంటే చాలు, గురుడు కనుమరుగు.

మేడమీద_ఆకాశం: శని సంగతి ఎవరూ చెప్పలేదు.

కృత్తిక_బెజవాడ: పాతిక, ముప్పై రెట్లు ఉంటే వలయం తెలుస్తుంది. 2025 మార్చిలో వలయాల అంచు మాత్రమే మనవైపు తిరిగింది, వలయం సరిగా కనబడక ఆ ఏడాది చూసినవాళ్లు ఉసూరుమన్నారు. 2032 దాకా ఏటికేడు విచ్చుకుంటూ ఉంటాయి. వీధిదీపాలకు భయపడకండి, గ్రహాలకు ఆ వెలుగు అడ్డు కాదు.

రిటైర్డ్_మాస్టారు: ముందు ఆ బైనాక్యులర్‌నే వాడండి. మోచేతులు పిట్టగోడకు ఆనించి గురుడి వైపు తిప్పండి. పక్కన ఒకే వరుసలో సన్నటి చుక్కలు. 1610లో గెలీలియో చూసిన నాలుగు చంద్రులు అవే. ఒక్కోరాత్రి ఒకటి రెండు గురుడి చాటున ఉండవచ్చు. అమ్మాయితో రోజూ బొమ్మ గీయించండి, వరుస మారడం తనే పట్టేస్తుంది.

డాలస్_తెలుగు: 2020 డిసెంబరు 21న గురుడు, శని పక్కపక్కన కనిపించారు కదా. ఆ ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? మాకు ఆ సాయంత్రం మబ్బు.